తాకితేనే ప్రేమా? చారిత్రక ఫాంటసీ సిరీస్ తీసేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

ఉదాహరణకు ఒక కథ అనుకుందాం. 13వ శతాబ్దం, మనుమసిద్ధి ఏలుతున్న విక్రమసింహపురి, అంటే మన నెల్లూరు. పెన్న ఒడ్డున ఒక పడవవాడు. అతను ముట్టుకుంటే నీరైపోయే శాపం ఉన్న అమ్మాయి.

అపోహ: జంట ఎంత దగ్గరైతే అంత రొమాన్స్.

వాస్తవం: తపన మధ్యనున్న జాగాలో ఉంటుంది. దాన్ని ముందే కొలిచి రాసుకోండి: మొదటి ఎపిసోడ్‌లో బారెడు, మూడులో మూరెడు, అయిదులో జానెడు, ఏడులో బెత్తెడు. మొదట్లో ఇద్దరినీ విడివిడి ఫ్రేముల్లోనే తీయండి, ఒకరి క్లోజప్‌లో ఇంకొకరి భుజం కూడా పడకూడదు. ఆ భుజం అంచు తొలిసారి ఫ్రేములోకి వచ్చినప్పుడు డైలాగు అక్కర్లేదు. లెన్సు కూడా ఇందులో భాగమే. పది అడుగుల ఎడంలో నిలబెట్టి పక్కనుంచి 35 ఎంఎం లెన్సుతో (ఎక్కువ వెడల్పు చూపేది) తీస్తే మధ్యలో ఖాళీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే ఒకరి వెనకనుంచి, దూరంగా జరిగి 100 ఎంఎంతో (దూరాన్ని దగ్గరగా చూపేది) తీస్తే ఆనుకుని ఉన్నట్టుంటారు. శాపం కథకి ఈ మోసం బంగారం.

అపోహ: చూపులు కలిస్తే స్లో మోషన్ పడాల్సిందే.

వాస్తవం: స్లో మోషన్ కోసం సెకనుకి 24 బదులు 48 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఫ్రేముకి అందే వెలుతురు సగానికి పడిపోతుంది. దీపాల సీనులో నల్లటి చోట్లన్నీ గింజల్లాంటి చుక్కలు (నాయిస్) తేలతాయి. మామూలు 24లోనే తీసి, ఆమె చూపు తిప్పుకున్నాక అతని మొహం మీద ఇంకో రెండు సెకన్లు కట్ చేయకుండా ఉంచండి, చాలు.

అపోహ: ప్రమిద వెలిగిస్తే పాతకాలం వచ్చేస్తుంది.

వాస్తవం: వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు; దీపం వెలుగు 1900 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపుగా చూడాలో కెమెరాకి చెప్పే సెట్టింగు) ఆటోలో వదిలితే కెమెరా ఆ పసుపుని కడిగేస్తుంది, 3200 దగ్గర కట్టేయండి. ఫ్రేము కింద దాచిన బల్బు ప్రమిద ఉన్న వైపునుంచే రావాలి. ఎదురువైపు పెడితే నీడ దీపం వైపుకే పడి గుట్టు రట్టవుతుంది. ఒత్తి పొడుగ్గా లాగకండి, మసి రేగి పట్టుచీరకి పడుతుంది.

అపోహ: వీడుకోలు సీనుకి మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రంలో మునిగే సూర్యుడు.

వాస్తవం: మనది తూర్పు తీరం, సూర్యుడు అక్కడ పుడతాడే గానీ మునగడు. పొద్దుపొడుపు తీసి వెనక్కి తిప్పితే అలలూ వెనక్కే పోతాయి. సీనునే తెల్లవారుజాముకి రాయండి. మెత్తటి వెలుగు సుమారు అరగంటే, రిహార్సల్ ముందురోజే అయిపోవాలి.

అపోహ: ఫాంటసీయే కదా, వస్తువులు ఏవైనా చెల్లుతాయి.

వాస్తవం: మాయ నమ్మాలంటే మిగతాదంతా నిజంగా ఉండాలి. బంతిపూలు, మిరపకాయ, టమాటా అన్నీ అమెరికా ఖండాలనుంచి వచ్చినవి. 13వ శతాబ్దపు పెళ్లిలో బంతి తోరణం తప్పు. మామిడాకులు కట్టండి, జడలో మల్లెలు పెట్టండి. చేపల పులుసు వండించాలంటే చింతపండు, మిరియాలు (నెల్లూరు వాళ్లకి ఇది మింగుడుపడదు, తెలుసు). శాపం సంగతి రెండో ఎపిసోడ్ లోపే చూపించాలి: ఒక చుక్క నీరు, ఆమె చిటికెన వేలు మాయం. ఆపైన అతను పడవ తాడు అందించిన ప్రతిసారీ జనం తాడునే చూస్తారు.