సపోటా దూలాల గుడి

చిరంజీవులు సిరికి, వంశీకి,

తాతయ్య ఆశీస్సులు. "ఆ గుడి మెట్లన్నీ ఎక్కావా తాతయ్యా?" అని వంశీ ఫోన్‌లో అడిగాడు. ఎక్కానురా, కానీ నీకు పంపిన ఫొటోలో ఉన్నది కాదు. అది మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో, మాయా ప్రజల పాత నగరం టికాల్‌లో ఒకటో గుడి. ఎత్తు సుమారు 47 మీటర్లు. నిటారుగా ఉంటుంది, ఎవరినీ ఎక్కనివ్వరు. మేం ఎక్కింది నాలుగో గుడి. అది 65 మీటర్ల దాకా ఉంటుంది, పక్కన చెక్క మెట్లు కట్టారు. నేను రొప్పుతూ పైకి చేరేసరికి మీ నానమ్మ అరుగు మీద తాపీగా కూర్చుని నీళ్లు తాగుతోంది!

మీ డాలస్ అత్తయ్య మమ్మల్ని చీకటితోనే బయల్దేరదీసింది. అడవిలో నడుస్తుంటే ఒక్కసారిగా గర్జన. పులేమోనని గుండె ఆగినంత పనైంది. గైడ్ నవ్వి టార్చి పైకి వేశాడు. చూస్తే కోతులు! హౌలర్ కోతులట, మన కోతుల్లా కిచకిచమనవు. తెల్లవారాక పైనుంచి చూస్తే కింద నేల కనిపించదు. అంతా పచ్చటి చెట్ల తలలే, వాటి మధ్యలోంచి మిగతా గుళ్ల శిఖరాలు.

గుడి అంటున్నాను గానీ, ఒకటో గుడి కింద హసావ్ చాన్ కవీల్ అనే రాజు సమాధి ఉంది. ఆయన కొడుకు ఇకిన్ చాన్ కవీల్ కాలంలో, అంటే 8వ శతాబ్దంలో, నాలుగో గుడి కట్టారు. ఇనుప పనిముట్లు లేవు, బండి లాగడానికి ఎద్దులూ లేవు. సున్నపురాయిని చెకుముకిరాతి పనిముట్లతో చెక్కి, మనుషులే మోశారు. అదే రాయిని కాల్చి సున్నం చేసి గోడలకు పూశారు.

అసలు విశేషం గుమ్మాల దగ్గర ఉంది. అంత రాతి కట్టడంలోనూ గుమ్మం పైన వేసినవి చెక్క దూలాలే. ఏం చెక్క అని అడిగితే గైడ్ "చికోసపోతే" అన్నాడు. నానమ్మ చటుక్కున "అంటే మన సపోటానా?" అంది. అదేనర్రా! సపోటా అసలు పుట్టిల్లు ఆ అడవులే. దాని చేవ ఎంత గట్టిదంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ వానలకీ చెదలకీ తట్టుకుని 1200 ఏళ్లకు పైగా నిలిచింది. నాలుగో గుడిలో బొమ్మలు చెక్కిన దూలాల్ని 1870లలో ఊడదీసి స్విట్జర్లాండ్ పట్టుకుపోయారు. ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. నాకైతే అది నచ్చలేదు. టికాల్ గుళ్ల దూలాల చెక్కకే రేడియోకార్బన్ పరీక్ష (చెక్క వయసు తేల్చే పరీక్ష) చేసి, మాయా క్యాలెండర్ తేదీలు మన క్యాలెండర్‌లో ఎప్పటివో సరిచూసుకున్నారు.

అడవిలో సపోటా చెట్ల బెరడు మీద అడ్డదిడ్డంగా పాత గాట్లు కనిపించాయి. ఆ గాట్లలోంచి కారే పాలను మరగబెట్టి, ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారు. పచ్చి సపోటా కోస్తే చేతికి అంటుకునే జిగురు గుర్తుందా? అదే.

సిరీ, "మాయా వాళ్లు మాయమైపోయారు" అని నీ ప్రాజెక్టులో రాశావు. ప్రాస బాగుంది గానీ కొట్టెయ్. టికాల్ ఊరు 10వ శతాబ్దం చివరికల్లా ఖాళీ అయింది, నిజమే. మనుషులు మాత్రం ఉన్నారు. గ్వాటెమాలాలో లక్షల మంది ఇప్పటికీ మాయా భాషలే మాట్లాడుతున్నారు.

మన పెరట్లో సపోటా కాపుకొచ్చింది. సెలవులకు రండి. చూయింగ్ గమ్ చేద్దామని బెరడు మాత్రం గీకకండి, నానమ్మ ఊరుకోదు.

మీ తాతయ్య