కోడి పోతే నక్కేనా? నాటుకోళ్ల పెంపకంలో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం, శామీర్‌పేట వైపు నాటుకోళ్లు పెంచేవాళ్లకు రాత్రి గూళ్లు, కంచెలు వేయించడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "అన్నా, నక్క పడి కోళ్లను ఎత్తుకుపోయింది, ఏం మందు పెట్టాలి?" నక్కే తిన్నదని ఎలా తెలిసిందని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు.

అపోహ: కోడి పోయిందంటే అది నక్క పనే.

మందు సంగతి తర్వాత, ముందు చచ్చిన కోడిని, చుట్టూ నేలను చూడండి. నక్క సాధారణంగా చీకటి పడ్డాక వస్తుంది. ఒకటో రెండో నోట కరుచుకుని చాటుకు తీసుకెళ్లి తింటుంది. కంచె నుంచి పొదల దాకా ఈకలు రాలి ఉంటాయి. పదీ పదిహేను కోళ్లు కొరికి చంపి, తినకుండా పడేసి ఉంటే మాత్రం ముందు అనుమానించాల్సింది వీధికుక్కల్ని. పట్టపగలు కోడి పోయి, మెడ దగ్గర చిన్న చిన్న గాట్లుండి, గుడ్లు కూడా మాయమైతే ముంగిసను అనుమానించండి. కోడిపిల్లలు మాత్రమే పోతుంటే గద్ద, కాకి, పందికొక్కు, పాము - వీటిలో ఏదైనా కావచ్చు. అడవిపిల్లి కూడా నక్కలాగే ఎత్తుకుపోతుంది. తడిమట్టిలో దాని అడుగు పడితే గోళ్ల గుర్తులు కనపడవు, నక్క అడుగులో కనపడతాయి.

నగర శివార్లలో నేను చూసినంతవరకు పెద్ద నష్టం కుక్కల గుంపులతోనే. చికెన్ షాపుల వ్యర్థాలు రోడ్డు పక్కన పారబోసే చోట ఇది మరీ ఎక్కువ. నక్క కోసం ఎంత ఖర్చు పెట్టినా, వచ్చేది కుక్కలైతే ఆ డబ్బంతా వృథానే.

అపోహ: మాంసంలో గుళికలు కలిపి పెడితే పీడ పోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నక్క, గుంటనక్క, అడవిపిల్లి మూడూ మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. చట్టం దృష్టిలో తుపాకీతో కాల్చడమే కాదు, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, బోనులో పట్టడం, చివరికి వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అంటే పట్టుకుని దూరంగా వదిలేస్తామన్నా కుదరదు, అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. ముంగిసకూ ఈ చట్టం రక్షణ ఉంది.

జనం గుళికలంటే ఎక్కువగా వాడేది ఫోరేట్ అనే పురుగుమందు. 2020 చివరి నుంచి దేశంలో అది నిషేధం. ఆ మాంసం ముక్కను నక్కే తింటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పక్క పొలం వాళ్ల కుక్క తింటుంది, గద్ద తింటుంది. ఆ గుళికలు కలిపిన చేతులతోనే మనం అన్నం తింటాం, పక్కనే పిల్లలు ఆడుకుంటారు.

ఇంత చేసినా సమస్య తీరదు. నక్కలు జంటగా ఒక ప్రాంతాన్ని పట్టుకుని ఉంటాయి. అవి పోతే ఆ జాగాలోకి ఇంకొకటి వస్తుంది. మీ గూటి తలుపు అలాగే ఉంటే దానికీ అదే దారి.

నక్క కొమ్ము అమ్ముకుంటే లక్షలు వస్తాయన్న మాట కూడా ఇంకా తిరుగుతోంది. నక్కకు కొమ్ము ఉండదు.

అపోహ: నక్క వల్ల రైతుకు నష్టమే.

ఎలుకలు, పురుగులు, చచ్చిన పశువులు, రేగుపళ్లు - ఇవన్నీ దాని తిండే. గుంటనక్క మరీ చిన్నది, రెండు మూడు కిలోలకు మించి పెద్దగా ఉండదు. అది ఎక్కువగా పురుగులు, ఎలుకలతోనే కడుపు నింపుకుంటుంది. చేలో ఎలుకలు తగ్గుతున్నాయంటే అందులో వీటి కష్టం కూడా ఉంది.

అపోహ: చుట్టూ జాలీ ఉంది కదా, భయం లేదు.

నేను ఎక్కువ సేపు మాట్లాడేది దీని గురించే. ఆరు మూలల గళ్లుండే సన్నని కోడి జాలీ కోళ్లను లోపల ఆపడానికి పనికొస్తుంది, కుక్కను బయట ఆపలేదు. పళ్లతో లాగితే చిరిగిపోతుంది. రాత్రి గూటికి వెల్డ్ మెష్ (గట్టి తీగల్ని అతికించి చేసిన జాలీ) వేయండి, ముంగిస, పందికొక్కు దూరకుండా కింది భాగంలో అర అంగుళం గళ్లది.

నక్క, కుక్క రెండూ కంచె మొదట్లోనే తవ్వుతాయి. అందుకే జాలీని నేల దగ్గర బయటివైపు మడిచి, అడుగున్నర వెడల్పు పరిచి, పైన మట్టి, రాళ్లు వేయాలి. తవ్వబోతే జాలీయే అడ్డం వస్తుంది. బయటి కంచె ఆరడుగులు ఉంటే మంచిది.

ఎంత మంచి జాలీ వేసినా తలుపు దగ్గర సందు వదిలేస్తారు. గడియ వదులుగా ఉంటుంది, గడప కింద రెండు అంగుళాల ఖాళీ ఉంటుంది. దాన్ని సిమెంటుతో మూయండి. చీకటి పడేలోపు కోళ్లన్నీ లోపలికి వెళ్లాయో లేదో లెక్క చూసి మూయండి. వారాంతంలో మాత్రమే వచ్చే ఫామ్‌హౌస్ యజమానులు ఈ పనికి రోజూ ఉండే మనిషిని పెట్టుకోవాలి, లేదంటే కోళ్లు పెంచకపోవడమే మేలు. నాటుకోడి చెట్టెక్కి తప్పించుకుంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా లాంటి బరువైన రకాలు అంత తేలిగ్గా ఎగరలేవు, వాటికి గూడే రక్ష.

అపోహ: కంచెకు కరెంటు ఇస్తే సరి.

ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తే చచ్చేది మనుషులు. పొలానికి నీళ్లు పెట్టడానికి వచ్చినవాళ్లు, ఇంటి పిల్లలు పోయిన సంగతులు మన పల్లెల్లో అందరికీ తెలుసు. అది నేరం కూడా. సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో కరెంటు ఆగి ఆగి, క్షణంలో వెయ్యో వంతు కూడా లేని చిన్న దెబ్బగా వస్తుంది, భయపెడుతుంది, చంపదు. కింది తీగ నేలకు అడుగు లోపు ఉండాలి, గడ్డి తగలకుండా కోస్తూ ఉండాలి.

అపోహ: లైటు వేస్తే నక్క రాదు.

కొన్నాళ్లు రాదు, తర్వాత అలవాటు పడుతుంది.

అపోహ: చచ్చిన కోడిని గట్టు మీద పారేస్తే ఏమవుతుంది?

ఆ వాసనకే కుక్కా, నక్కా మీ ఫారానికి దారి పడతాయి. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి.

అపోహ: నక్క కాటు కుక్క కాటంత ప్రమాదం కాదు.

నక్కకూ రేబిస్ వస్తుంది. పగటిపూట మనిషిని చూసి కూడా జంకకుండా మీదికొచ్చే నక్క దగ్గరికి వెళ్లకండి, అటవీ శాఖకు చెప్పండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, పసుపు, కారం ఏమీ పెట్టకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నగరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రుల్లో టీకా వేస్తారు. ఫారం కాపలా కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి.