ముందు ఎవరు కొట్టినా ఇద్దరూ మిగలరు: ఆ లెక్క ఎక్కడ పుట్టింది, ఎక్కడ చెడింది

అమెరికా, రష్యాల దీర్ఘశ్రేణి అణ్వాయుధాలకు పరిమితి పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని ఒక్కసారే, అదీ అయిదేళ్లే పొడిగించే వీలుండేది. ఆ అవకాశాన్ని 2021లోనే వాడేసుకున్నారు. 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరిపోయింది. ఈ ఒప్పందం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా బాంబుల సంఖ్యే చెబుతారు. అసలు విషయం సంఖ్య కాదు, మొదటి దెబ్బ తిన్నాక ఎన్ని మిగులుతాయన్నది.

1957లో సోవియట్ ఆర్-7 ఖండాంతర క్షిపణి ఎగిరినప్పుడే ఈ ప్రశ్న పుట్టింది. బాంబర్లకు గంటలు పట్టే దూరం అరగంటకు కుదించుకుపోయింది. విమానాశ్రయాల్లో వరసగా నిలబెట్టిన బాంబర్లు ఒక్క దాడిలో పోవచ్చు. అందుకే క్షిపణులను కాంక్రీటు గోతుల్లోకి, జలాంతర్గాముల్లోకి చేర్చారు. 1960 నవంబరులో 16 పొలారిస్ క్షిపణులతో అమెరికా జలాంతర్గామి జార్జ్ వాషింగ్టన్ తొలి గస్తీకి బయల్దేరింది. సముద్రంలో ఎక్కడుందో తెలియనిదాన్ని ముందే కొట్టలేరు. 2009లో విశాఖపట్నంలో జలప్రవేశం చేసిన అరిహంత్‌ను మన దేశం కట్టుకున్నదీ ఈ సూత్రం మీదే.

అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా దీన్ని అంకెల్లో పెట్టాడు. దెబ్బ తిన్నాక కూడా సోవియట్ జనాభాలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు, పరిశ్రమల్లో సగం నాశనం చేయగలిగితే చాలు, అంతకు మించి పేర్చినా కొత్తగా వచ్చే ప్రయోజనం పెద్దగా లేదన్నాడు. కోట్లమంది ప్రాణాలను ఇలా వంతులు వేయడం ఘోరమే. కానీ పేర్చుకుంటూ పోవడానికి ఎక్కడో ఒక హద్దు ఉందని అధికారికంగా ఒప్పుకున్నదీ ఈ లెక్కే.

దీనివల్ల ఒక వింత పర్యవసానం వచ్చింది: క్షిపణులను అడ్డుకునే రక్షణ కవచమే ప్రమాదకరమైంది. మొదట తాను కొట్టి, అవతలివాడి దగ్గర మిగిలిన కొద్దిపాటి క్షిపణులను కవచంతో ఆపుకోవచ్చన్న ఆశ పుడుతుంది కదా. 1967 జూన్‌లో అమెరికాలోని గ్లాస్‌బరోలో మెక్‌నమారా ఈ మాట చెబితే, ఆత్మరక్షణ తప్పెలా అవుతుందని సోవియట్ ప్రధాని కోసిగిన్ కోపగించాడు. అయిదేళ్లకు ఆ దేశమూ ఒప్పుకుంది. 1972 మే 26న కుదిరిన ఏబీఎం (క్షిపణి నిరోధక వ్యవస్థల) ఒప్పందంతో చెరి రెండు చోట్ల, చోటుకు 100 నిరోధక క్షిపణులకు మించకూడదని రాసుకున్నారు. 1974లో ఆ రెండు చోట్లనూ ఒకటికి తగ్గించారు.

అప్పటికే లెక్క ఇంకో చోట చెడింది. గోతిలోని ఒక క్షిపణిని నమ్మకంగా ధ్వంసం చేయాలంటే రెండు వార్‌హెడ్‌లు (క్షిపణి కొనలో అమర్చే అణుబాంబులు) కావాలనుకుందాం. క్షిపణికి ఒకే వార్‌హెడ్ ఉంటే, శత్రువుది ఒకటి పోగొట్టడానికి మనవి రెండు ఖర్చు. ముందు కొట్టినవాడికే నష్టం. 1970లో మూడు వార్‌హెడ్‌ల అమెరికా క్షిపణి మినిట్‌మన్-3 రంగంలోకి దిగింది. తర్వాత పదేసి మోయగల సోవియట్ ఎస్ఎస్-18లు 308 వచ్చాయి. అంటే 3,080 వార్‌హెడ్‌లు, అమెరికా గోతులు 1,054. గోతికి రెండు చొప్పున పంపినా ఇంకా దాదాపు వెయ్యి మిగులుతాయి. ముందు కొట్టినవాడికే లాభం వచ్చేలా లెక్క తిరగబడింది. జలాంతర్గాములు ఉన్నాయి కాబట్టి ప్రతిదాడి పూర్తిగా ఆగదు. అయినా తమ గోతుల్లోవి పోకముందే వాటిని ప్రయోగించేయాలన్న తొందర రెండు వైపులా పెరిగింది.

ఆ తొందరే హెచ్చరిక వ్యవస్థలను ప్రాణాంతకం చేసింది. 1980 జూన్ 3న అమెరికా కమాండ్ కేంద్రాల తెరల మీద వందల క్షిపణులు వస్తున్నట్టు కనిపించింది. లైను పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నిరంతరం పంపే పరీక్ష సందేశంలో క్షిపణుల సంఖ్య దగ్గర సున్నాలుండాలి. 46 సెంట్ల చిప్ ఒకటి పాడై, ఆ సున్నాల స్థానంలో 2లు పడ్డాయి. పంపే ముందు సందేశాన్ని సరిచూసే ఏర్పాటే లేదు. బాంబర్ల ఇంజన్లు స్టార్ట్ చేశాక గానీ, ఉపగ్రహాలూ రాడార్లూ ఏమీ చూడలేదని తేలలేదు. 1983 సెప్టెంబరు 26న ఇదే గండం సోవియట్ వైపు వచ్చింది. మేఘాల మీద పడ్డ సూర్యకాంతిని ఉపగ్రహం అయిదు క్షిపణులుగా చూపింది. డ్యూటీలో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్ అది తప్పుడు హెచ్చరికేనని పైకి చెప్పాడు. నిజంగా మొదలుపెట్టేవాడు అయిదింటితో ఆగడని ఆయన తర్కం.

దీర్ఘశ్రేణి అణ్వాయుధాలను తగ్గించే 1991 నాటి స్టార్ట్-1 ఒప్పందం ఎస్ఎస్-18లను 154కు, అంటే సగానికి కోసింది. భూమి మీది క్షిపణుల్లో బహుళ వార్‌హెడ్‌లను అసలే నిషేధించే స్టార్ట్-2పై 1993లో సంతకాలయ్యాయి గానీ అది అమల్లోకి రాలేదు. 2002 జూన్ 13న అమెరికా ఏబీఎం నుంచి తప్పుకుంది. మరుసటి రోజే రష్యా స్టార్ట్-2కు కట్టుబడబోనని ప్రకటించింది. 1972లో వేసిన ముడి విప్పితే ఏమవుతుందో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

మోహరించిన వార్‌హెడ్‌లు 1,550, మోహరించిన క్షిపణులూ బాంబర్లూ కలిపి 700 అని న్యూ స్టార్ట్ పరిమితి పెట్టింది. అందులో విలువైన భాగం ఏటా 18 తనిఖీలు. ఎదుటి దేశం వాళ్లు స్థావరానికి వచ్చి, క్షిపణి ముక్కు భాగం తెరిపించి, ముసుగు కింద వార్‌హెడ్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకునేవారు. కోవిడ్ వల్ల 2020లో ఆగిన తనిఖీలు మళ్లీ మొదలుకాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్నే పక్కన పెట్టింది. అమెరికా మోహరించిన 400 మినిట్‌మన్-3లకు ఇప్పుడు ఒక్కో వార్‌హెడే ఉంది, కొన్నింటికి మూడేసి వరకు పెట్టే చోటుంది. గోతి మూత ఉపగ్రహానికి కనిపిస్తుంది. లోపలి క్షిపణి కొనలో ఒకటుందో మూడున్నాయో కనిపించదు.