జొన్నరొట్టె పక్కన ఏముంది?

హైదరాబాదులో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "ఇతన్ని ఎర్రగడ్డ తీసుకెళ్లాలి" అని వేళాకోళం ఆడటం పాత అలవాటు. అక్కడి మానసిక వైద్యశాల వల్ల ఆ పేటకు ఆ ముద్ర పడింది. అదే ఎర్రగడ్డలో రోజూ కిటకిటలాడే రైతుబజారు కూడా ఉంది. తిండికీ మతికీ ఏమిటి సంబంధం అనేవారికి ఈ నగర వైద్యచరిత్రలోనే జవాబు దొరుకుతుంది.

గత శతాబ్దం మధ్యకాలంలో దక్కన్ పల్లెల్లోని పేద ఇళ్లకు జొన్నే ఆధారం. రొట్టె, గటక, అంబలి: పేర్లు మూడు, గింజ ఒక్కటే. ఆ ఇళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చేవారిలో కొందరికి ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. నిద్ర కరువయ్యేది. దిగులు, చిరాకు, మతిమరుపు మొదలై, ముదిరితే మతి చలించేది. ఇదే పెల్లాగ్రా, నియాసిన్ అనే బి విటమిన్ లోపం. మానసిక వైద్యశాలల్లో చేరినవారిలోనూ ఈ జబ్బు బయటపడేది. అలాంటివారికి కావలసింది నియాసిన్, ఆపై కంచంలో మరో నాలుగు రకాలు.

దీని మీద పని చేసింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మొక్కజొన్న మీదే బతికేవారికి పెల్లాగ్రా రావడం అమెరికాలో అప్పటికే తెలిసిన సంగతి. ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ ఒకటి; శరీరం సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారు చేసుకుంటుంది. మొక్కజొన్నలో ఆ ట్రిప్టోఫానే తక్కువ. జొన్నలో మరీ అంత తక్కువ కాదు, అయినా జబ్బు వస్తోంది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం అడ్డు పడుతోందేమోనని డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లో ప్రతిపాదించింది. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. పప్పు, పాలు, మాంసం తగినంత తోడైతే మాత్రం ఈ జబ్బుకు చోటుండదన్న విషయంలో వాదం లేదు.

ఇప్పుడు అదే జొన్నరొట్టెకు సాయంత్రమైతే నగరంలో రోడ్ల పక్కన గిరాకీ. వేడినీళ్లతో కలిపిన పిండిముద్దను అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు తడిమి, తిరగేసి కాలుస్తారు. షుగరు ఉన్నవారు పొట్లం కట్టించుకుని వెళ్తుంటారు. జొన్నలో దోషం నాడూ లేదు, నేడూ లేదు. పక్కన ఏమీ లేకపోవడమే అప్పటి దోషం.

మరి ఇప్పటి మాటేమిటి? పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి ఫ్రైడ్‌రైసు, ఆదివారం బిర్యానీ. కూరంటే టమాటా, ఆలుగడ్డ, బెండకాయ. చేతినిండా డబ్బున్న ఇళ్లలోనూ ఇదే వరస. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కిలోకేలరీలు తినే మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, పండ్లు 100, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర దాటిన కూరగాయలు! మన సంచీలు అంత బరువు మోయడం లేదు.

రకాలు ఎందుకంటే, పెద్దపేగులోని సూక్ష్మజీవులు అన్నీ ఒకే పీచును తినవు. వారానికి 30కి పైగా రకాల మొక్కల ఆహారం తినేవారి పేగుల్లో, పదికి మించనివారికన్నా సూక్ష్మజీవుల వైవిధ్యం ఎక్కువని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ముప్పై అనగానే కంగారు పడనక్కర్లేదు. కంది, పెసర, మినప, ఉలవ, బొబ్బర, నువ్వులు, పల్లీలు, తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, గంగవాయిలి అనుకుంటూ పోతే వేళ్లు చాలవు. పోయిన వారం ఇంటికి రానిది ఏదో ఒకటి ఈ వారం తెచ్చుకుంటే సరి. ఫలానా పండు తింటే సంతోషం పొంగుకొస్తుందన్న ప్రకటనలను మాత్రం నేను నమ్మను. మనసు తీరుతో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనం మెదడులో ట్రిప్టోఫాన్ నుంచే తయారవుతుంది, నిజమే. కానీ మెదడులోకి చేరడానికి ట్రిప్టోఫాన్ ఇతర అమైనో ఆమ్లాలతో పోటీ పడాలి. అరటిపండు ఒలిచినంత సులువు కాదు.

ఇరానీ చాయ్ గురించి చెప్పకపోతే హైదరాబాదీలు ఊరుకోరు. తాగండి, కానీ భోజనంతో పాటు వద్దు. టీలోని పదార్థాలు ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు. రక్తం తక్కువైన ఆడవాళ్ల నీరసాన్ని "ఊరికే దిగులు" అని తేల్చేసే ఇళ్లు మనకు కొత్త కాదు. తాగిన కెఫీన్‌లో సగం వదలడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి ఎనిమిదింటి చాయ్ అర్ధరాత్రి దాటినా ఒంట్లోనే ఉంటుంది. పొద్దున్నే ఇందిరా పార్కులోనో, ఇంటి వీధిలోనో కాసేపు వెలుతురులో నడిస్తే నిద్ర వేళకు వస్తుంది.

తిండి మార్పుతో కుంగుబాటు తగ్గుతుందా అని ఆస్ట్రేలియాలో 67 మందితో 12 వారాల పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం మార్చినవారిలో దాదాపు మూడోవంతు మంది కోలుకున్నారు. ఆహారం మార్చకుండా కేవలం కబుర్ల తోడు మాత్రమే దొరికిన రెండో బృందంలో 8 శాతం మందే కోలుకున్నారు. ఇది చిన్న పరీక్ష, పైగా చాలామంది మందులో, కౌన్సెలింగో తీసుకుంటూనే ఉన్నారు. కాబట్టి దీన్ని చూపించి ఎవరి మందులూ మాన్పించకూడదు. మాంసం, గుడ్లు ముట్టనివారు, ముఖ్యంగా పాలు కూడా తక్కువగా తాగేవారు, మతిమరుపు, తిమ్మిర్లు ఉంటే బి12 పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వెంటనే వెళ్లలేనివారికి టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.