వీఎంలో పేజ్‌మేకర్: డీటీపీ షాపుల్లో నేను రోజూ వినే అపోహలు

విజయవాడలో డీటీపీ షాపులకు, ఆఫ్‌సెట్ ప్రెస్సులకు కంప్యూటర్లు చూసిపెట్టే పని నాది. కొత్త సిస్టమ్ కొన్న ఎవరైనా ముందుగా అడిగేది ఒక్కటే: "ఇందులో పేజ్‌మేకర్, అనూ ఎక్కుతాయా అండీ?" పేజ్‌మేకర్ అంటే పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్, అనూ అంటే అందులో వాడే తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ ఇన్‌డిజైన్ మీదికి వెళ్లిపోయింది. మన శుభలేఖలు, పంచాంగాలు, కవితా సంకలనాలు మాత్రం ఇంకా ఆ పాత ఫైళ్లలోనే ఉన్నాయి. విండోస్ 11లో అది ఒక సిస్టమ్‌లో ఎక్కుతుంది, ఇంకోదాంట్లో ప్రింట్ కొట్టగానే మూసుకుపోతుంది. అందుకే నేను వర్చువల్ మెషీన్ (వీఎం) పెడతాను. అంటే కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే తయారైన ఇంకో కంప్యూటర్, అందులో విండోస్ ఎక్స్‌పీ. ఇక అనుమానాలు మొదలవుతాయి.

అపోహ: కంప్యూటర్ లోపల కంప్యూటర్ అంటే నత్తనడకే.

వాస్తవం: 2005-06 నుంచి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలోనే ఈ పనికి ప్రత్యేక సదుపాయం ఉంది. లోపలి విండోస్ పని చాలావరకు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఇస్తే హాయిగా ఉంటుంది. 8 జీబీ ఉన్న మామూలు సిస్టమ్‌కు అదేమంత బరువు కాదు. మరీ నెమ్మదిగా ఉందంటే ముందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వీఎంను నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ సొంత వర్చువలైజేషన్ ఏర్పాటైన హైపర్-వీ ముందే ప్రాసెసర్‌ను తన చేతిలోకి తీసుకుందని అర్థం. మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉన్నా ఇలాగే అవుతుంది. దాన్ని ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఆపను. పేజ్‌మేకర్ లాంటి తేలిక పని తాబేలుతోనూ సాగిపోతుంది, దానికోసం బయటి విండోస్ రక్షణ తగ్గించుకోనక్కర్లేదు.

అపోహ: మ్యాక్ కొంటే అందులోనూ ఇలాగే ఎక్స్‌పీ పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఇంటెల్ మ్యాక్ అయితే సరే. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 నుంచి యాపిల్ ప్రాసెసర్ల జాతే వేరు, దాన్ని ఆర్మ్ అంటారు. వర్చువల్ మెషీన్ ఆ జాతిని మార్చలేదు. మ్యాక్‌లో వీఎంలు నడిపే ప్యారలల్స్‌లో విండోస్ 11 ఆర్మ్ వెర్షన్ నడుస్తుంది, పాత ప్రోగ్రాములను అది అనువదించి నడుపుతుంది కూడా. కానీ డ్రైవర్లను అనువదించదు. పాత సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ లాక్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది) ఉండి, దాని డ్రైవర్ ఆర్మ్‌కు లేకపోతే అక్కడే ఆగిపోతారు. యూటీఎమ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పీని పూర్తిగా ఎమ్యులేట్ చేయొచ్చు, అంటే పాత ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌తో అనుకరించొచ్చు, నత్తనడక అన్న మాట నిజంగా దానికి సరిపోతుంది. ఈ పనికోసమే అయితే సెకండ్ హ్యాండ్ ఇంటెల్ సిస్టమ్ తీసుకోండి.

అపోహ: వీఎంలో ఉంది కాబట్టి వైరస్ రాదు.

వాస్తవం: ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదీ నెట్‌వర్క్ మీద పాకే రకం. అందుకే నేను పెట్టే ఎక్స్‌పీకి నెట్ ఉండదు, నెట్‌వర్క్ అడాప్టర్‌ను 'నాట్ అటాచ్డ్'లో ఉంచుతాను. షేర్డ్ ఫోల్డర్ ఒక్కటే ఇస్తాను. డీ డ్రైవ్ మొత్తం షేర్ చేయమని అడుగుతారు, కుదరదంటాను. లోపల ఏదైనా పట్టుకుంటే షేర్ చేసిన ప్రతి ఫైలూ దాని చేతికి చిక్కుతుంది.

ప్రింటర్ లోపలికి రాదన్న భయం కూడా అక్కర్లేదు. ఎక్స్‌పీలో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రెస్సుల్లో వాడే ప్రింట్ భాష) ప్రింటర్‌ను కాగితం మీద కాకుండా ఫైలుకు ప్రింట్ అయ్యేలా పెట్టి, ఆ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో దించి, బయటి విండోస్‌లో డిస్టిల్లర్, ఘోస్ట్‌స్క్రిప్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేస్తే చాలు, ప్లేటుకు పంపొచ్చు. ఇక లైసెన్స్ సంగతి: వీఎం కూడా ఒక కంప్యూటరే, లోపలి విండోస్‌కు విడిగా కీ ఉండాలి.

అపోహ: స్నాప్‌షాట్ తీశాం, బ్యాకప్ అయినట్టే.

వాస్తవం: స్నాప్‌షాట్ అంటే వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం, అది వీఎం అసలు డిస్క్ ఫైలు మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఫైలు పోతే స్నాప్‌షాటూ పోతుంది. ఒక ప్రెస్సులో ఆపరేటర్ బాబు ఎంతో శ్రద్ధగా పద్నాలుగు స్నాప్‌షాట్లు తీసి పెట్టుకున్నాడు, అన్నీ ఆ ఒక్క ఎస్‌ఎస్‌డీలోనే. ఎస్‌ఎస్‌డీ పోయిన రోజు నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో అలా కూర్చుండిపోయి ఉన్నాడు. ఆ ముఖం ఇంకా మర్చిపోలేదు. దాని గురించి ముందే చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడు వీఎం పెట్టిన రోజే బయటి హార్డ్‌డిస్క్ కూడా కొనిపిస్తున్నాను. శనివారం సాయంత్రం వీఎంను షట్‌డౌన్ చేసి, ఫోల్డర్ మొత్తం అందులోకి కాపీ చేయాలి.

అపోహ: వీఎంలో టైప్ చేసింది వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి, వీఎం పాడైంది.

వాస్తవం: ఈ ఫోను నాకు వారానికి రెండుసార్లయినా వస్తుంది. వీఎం బాగానే ఉంది. అనూ లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో మన తలకట్లు, గుడులు, వత్తుల ముక్కలు కూర్చారు. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు కనిపిస్తుంది, లేనిచోట అడుగున ఉన్న గుర్తులు బయటపడతాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. అంటే మీ ఫైల్లో కంటికి తెలుగు ఉంది, కంప్యూటర్‌కు మాత్రం లేదు. వెతికితే దొరకదు.

అందుకే వీఎం పెట్టించుకున్నవాళ్లను ఒక్కటి బతిమాలుతాను. ఖాళీ దొరికినప్పుడల్లా పాత ఫైళ్లు తెరిచి పీడీఎఫ్ చేయండి, పుస్తకాలైతే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. వత్తుల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ప్రూఫ్ చూడాల్సిందే. మొన్న ఒక షాపులో ఇలాగే మొదలుపెట్టారు. ముందుగా తెరిచింది 2004 నాటి కవితా సంకలనం. కవి లేరు, అచ్చు ప్రతి ఆయన ఇంట్లో కూడా లేదట. రెండు రోజుల్లో ప్రూఫ్ ముగించి వాళ్లబ్బాయికి పంపారు.