దిగుమతి కార్ల పేరు ప్రతిష్ఠలు: చవక ముద్ర పడిన తీరు, చెరిగిన తీరు

బ్రిటిష్ సరుకును తలపించే పేరుతోనో గుర్తుతోనో వచ్చే విదేశీ వస్తువుల మీద అవి ఎక్కడ తయారయ్యాయో స్పష్టంగా రాయాలని బ్రిటన్ పార్లమెంటు 1887లో చట్టం చేసింది. దేశం పేరు కనిపిస్తే కొనేవారు వెనకాడతారన్న లెక్క ఆ చట్టం వెనుక ఉంది. జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన చవక కత్తులను ఇంగ్లండ్‌లో కత్తుల తయారీకి పేరుపడ్డ షెఫీల్డ్ ముద్రతో అమ్ముతున్నారని అక్కడి తయారీదారులు అప్పటికే మొరపెట్టుకుంటున్నారు. ఈ ఫిర్యాదును వ్యాపార అసూయ అని కొట్టిపారేయడానికి వీలు లేదు, ఎందుకంటే 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ వస్తు ప్రదర్శనకు జర్మనీ తరఫున వెళ్లిన ఇంజినీరు ఫ్రాంజ్ రోలో స్వయంగా తమ దేశపు వస్తువులు చవకవి, నాసివి అని స్వదేశానికి రాసిన లేఖల్లో చెప్పారు. జర్మన్ పరిశ్రమ ఆ విమర్శను మనసుకు పట్టించుకుంది. 1890ల మధ్యకు వచ్చేసరికి ‘మేడ్ ఇన్ జర్మనీ’ అన్న ముద్ర కొనేవారిని భయపెట్టడం మాని, బ్రిటిష్ వర్తకులను కలవరపెట్టడం మొదలుపెట్టింది.

యంత్రపు మన్నిక కొనేనాడు కంటికి కనిపించదు, కొన్నేళ్లు వాడాకే తెలుస్తుంది. కాబట్టి కొనేవారు తమకు కనిపించే ఆనవాళ్లను పట్టుకుంటారు, వాటిలో అన్నిటికంటే సులువుగా దొరికేది దేశం పేరు. 1965లో రాబర్ట్ స్కూలర్ అనే పరిశోధకుడు గ్వాటెమాలా విద్యార్థులకు ఒకే సరుకును వేర్వేరు పొరుగు దేశాల పేర్లు అతికించి చూపిస్తే, పేరును బట్టి వారి అంచనా మారిపోయింది. అయితే ఇలా పేరును నమ్ముకోవడంలో ఒక చిక్కుంది. ఒక దేశపు సరుకు మీద జనంలో నాటుకున్న అభిప్రాయం ఆ దేశపు కర్మాగారాల వెంట నడవదు, వాటికి ఏళ్ల తరబడి వెనుకబడి వస్తుంది. కార్ల చరిత్ర పొడవునా ఈ ఎడమే కనిపిస్తుంది.

1957లో టయోటా తన టయోపెట్ క్రౌన్ కారును అమెరికాకు తీసుకెళ్లింది. జపాన్‌లోని నెమ్మదైన, గతుకుల రోడ్ల కోసం గట్టిగా, బరువుగా కట్టిన ఆ కారు కాలిఫోర్నియా హైవేల వేగాన్ని అందుకోలేక వేడెక్కేది, అదిరేది. 1958లో అమ్ముడుపోయినవి మూడు వందలు కూడా లేవు. 1960 చివరికి కంపెనీ దాని ఎగుమతి ఆపేసింది. నిజానికి అప్పటికే జపాన్ కర్మాగారాల్లో మార్పు సాగుతోంది. 1950లో అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ అక్కడి ఇంజినీర్లకు గణాంకాల సాయంతో నాణ్యతను అదుపులో ఉంచే పద్ధతులు బోధించారు, మరుసటి ఏడాది నుంచే ఆయన పేరిట బహుమతి ఇవ్వసాగారు. అమెరికాలోని సగటు కొనుగోలుదారుకు ఆ సంగతి తెలియడానికి మాత్రం ఇంచుమించు పాతికేళ్లు పట్టింది. 1973లో చమురు ధరలు ఎగబాకాక, పొదుపు కోసమని చిన్న జపాన్ కార్లు కొన్నవారికి అవి మరమ్మతుకు రావడం కూడా తక్కువేనని వాడకంలో అర్థమైంది.

ఈ కథలో అతి విచిత్రమైన మలుపు ప్రభుత్వాలు తెచ్చిపెట్టింది. అమెరికా ఒత్తిడి మీద 1981లో జపాన్ ఆ దేశానికి తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకుంది. పంపగలిగేది లెక్కకట్టిన సంఖ్యే అయినప్పుడు చవక కారు పంపి తక్కువ లాభం తెచ్చుకోవడం దేనికని కంపెనీలు పెద్దవీ ఖరీదైనవీ పంపడం మొదలుపెట్టాయి. 1986లో హోండా వారి అక్యూరా, 1989లో టయోటా వారి లెక్సస్, నిస్సాన్ వారి ఇన్ఫినిటీ ఆ దారిలోనే వచ్చాయి. స్థానిక పరిశ్రమను కాపాడటానికి కట్టిన ఆనకట్ట పోటీదారును చవక సరుకు వరుస నుంచి విలాస కార్ల వరుసలోకి ఎక్కించింది.

నాణ్యత ఒక జాతి స్వభావమా, పని పద్ధతా అన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారం జవాబు చెప్పింది. గైర్హాజరుతో, తగాదాలతో చెడ్డపేరు తెచ్చుకున్న ఆ కర్మాగారాన్ని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. 1984లో టయోటాతో ఉమ్మడి సంస్థగా దాన్ని మళ్లీ తెరిచినప్పుడు పనిలోకి వచ్చినవారిలో చాలామంది పాత కార్మికులే, కార్మిక సంఘం కూడా అదే. లోపం కనిపిస్తే తాడు లాగి మొత్తం తయారీ వరుసను ఆపించే అధికారం ఇప్పుడు కార్మికుడికి దక్కింది. కొద్దికాలంలోనే అక్కడి కార్ల నాణ్యత జపాన్‌లో తయారైన వాటితో పోల్చదగిన స్థాయికి చేరింది. ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. అదే కప్పు కింద టయోటా కరోలా, దానికి దాదాపు కవల అయిన జనరల్ మోటార్స్ వారి జియో ప్రిజ్మ్ తయారయ్యేవి. రెండింటి లోపలి యంత్రాలు ఒకటే, చేసిన చేతులు ఒకటే. అయినా పాత కార్ల మార్కెట్లో కరోలాకు ఎక్కువ ధర పలికేది. తెలివిగా బేరమాడినవారు ప్రిజ్మ్ కొని ఆ తేడాను జేబులో వేసుకున్నారు. ఇక్కడ తయారైన దేశం కూడా ఒకటే కాబట్టి, ఆ తేడా పూర్తిగా ముందుభాగాన ఉన్న పేరు ఖరీదే.

కొరియా అనుభవం ఇందుకు భిన్నమైనది, ఎందుకంటే అక్కడ చెడ్డపేరుకు న్యాయమైన కారణమే ఉంది. హ్యుండయ్ 1986లో అమెరికాలో 4,995 డాలర్లకు ఎక్సెల్ కారును పెట్టి, మొదటి ఏడాదే లక్షన్నరకు పైగా అమ్మింది. ఆ కార్లు త్వరగా పాడవడంతో కొన్నవారి కోపం దశాబ్దం పాటు కంపెనీని వెంటాడింది. తర్వాత కార్లు బాగుపడినా మాటలతో నమ్మించే వీలు లేకపోయింది. దాంతో 1998లో ఇంజన్‌కు, గేర్ వ్యవస్థకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. బండి పాడైతే నష్టం కంపెనీదే కాబట్టి, ఆ హామీలో ప్రకటనలకు లేని బలం ఉంది. 2004లో సర్వే సంస్థ జె.డి. పవర్ కొత్త కార్ల తొలినాళ్ల నాణ్యత మీద జరిపిన సర్వేలో కంపెనీల వరుసలో హ్యుండయ్ హోండాతో సమానంగా రెండో స్థానానికి వచ్చింది.

మంచిపేరు సైతం ఇలాగే అర్హతకు మించి నిలుస్తుంది. సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లలో ఉద్గార పరీక్షలను ఏమార్చే సాఫ్ట్‌వేర్ ఉందని ఫోక్స్‌వ్యాగన్ 2015లో ఒప్పుకున్నాక కూడా జర్మన్ ఇంజినీరింగ్ మీద గురి పెద్దగా సడలలేదు.

చైనా కార్ల విషయంలో ఈ ఎడం ఈసారి త్వరగా తగ్గింది. 2005లో ఐరోపాకు వచ్చిన చైనా కారు ల్యాండ్‌విండ్ జర్మనీలో జరిగిన ఢీకొట్టు పరీక్షలో ఘోరంగా విఫలమైంది. 2013లో మరో చైనా కారు కోరోస్ 3, ఐరోపా కార్ల భద్రతా పరీక్ష అయిన యూరో ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు సాధించింది. 2023లో చైనా కార్ల ఎగుమతిలో జపాన్‌ను దాటింది. 2024లో ఐరోపా సమాఖ్య చైనా విద్యుత్ కార్ల మీద అప్పటికే ఉన్న 10 శాతానికి అదనంగా 35.3 శాతం వరకు సుంకం వేసినప్పుడు చూపిన కారణం ప్రభుత్వ సబ్సిడీలే గాని నాసితనం కాదు. ప్రమాద పరీక్షలో తేలేది తేలింది. బ్యాటరీల మీద ఎనిమిదేళ్ల వారంటీలు ముగిశాక ఆ కార్లు పాత బళ్ల మార్కెట్లో ఎంత పలుకుతాయి, ఈనాటి కంపెనీలలో ఎన్ని మిగిలి విడిభాగాలు సరఫరా చేస్తాయి అన్న విషయాలు మాత్రం ఏ పరీక్షా ముందే చెప్పగలిగేవి కావు.