జావాఎక్స్ నుంచి జకార్తాకి, ఇప్పుడు జాక్సన్: పేరు మార్చినవాళ్లు దారి చెప్పారా?

2025 నవంబర్‌లో జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 4 వచ్చినప్పటి నుంచి జావా టీముల్లో పేర్ల మార్పు మీద పాత గొడవ మళ్లీ లేచింది. ఈసారి సాకు జాక్సన్, అంటే జావా ఆబ్జెక్టులను జేసన్‌గా, జేసన్‌ని ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ. మూడో వెర్షన్‌లో దాని ప్యాకేజీ పేరు, అంటే కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు, కామ్.ఫాస్టర్‌ఎక్స్‌ఎంఎల్.జాక్సన్ నుంచి టూల్స్.జాక్సన్‌కి మారింది, లైబ్రరీలు తెచ్చిపెట్టే మావెన్ టూల్‌లో గ్రూప్ పేరూ మారింది, కానీ జేసన్‌ప్రాపర్టీ లాంటి యానొటేషన్లు (కోడ్ మీద @ తో పెట్టే గుర్తులు) మాత్రం పాత పేరుతోనే ఉండిపోయాయి. ప్రాజెక్ట్ మొత్తం మీద ఫైండ్-రీప్లేస్ కొట్టేసినవాళ్లకి బిల్డ్ ఎర్రగా కనిపిస్తుంది. పేరు మార్చినవాళ్లే దారి పూర్తిగా రాసిపెట్టాలా, వాడేవాళ్లే రిలీజ్ నోట్స్ తవ్వుకోవాలా అన్నదే తగువు.

పాత గొడవ జావా ఈఈది, అంటే సర్వర్ అప్లికేషన్ల కోసం ఉన్న, జావాఎక్స్ అనే పేరుతో మొదలయ్యే ప్యాకేజీల సెట్‌ది. అది ఒరాకిల్ చేతిలోంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి వెళ్లి జకార్తా ఈఈ ఎలా అయిందో అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. అసలు మలుపు 2019 మే. జావా ట్రేడ్‌మార్క్ మీద ఆ ఇద్దరి మధ్య చాలాకాలం నడిచిన చర్చలు తెగలేదని అప్పుడే బయటికొచ్చింది. జావాఎక్స్ ప్యాకేజీలను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు, వాటిలో ఒక్క మెథడ్ చేర్చాలన్నా పేరు మార్చాల్సిందే. ఒరాకిల్ వైపు మాట తన ట్రేడ్‌మార్క్ తన చేతిలో ఉండాలన్నదే. ఎక్లిప్స్ వైపు మాత్రం అవసరమైనప్పుడు ఒక్కోటీ మారుద్దామా, అన్నీ ఒకేసారి మార్చేద్దామా అని గట్టి చర్చే జరిగి, రెండోదే నెగ్గింది. 2020 డిసెంబర్‌లో వచ్చిన జకార్తా ఈఈ 9 దాదాపుగా ఆ పేర్ల మార్పు కోసమే. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను, విడతలవారీగా మార్చి ఉంటే ప్రతి రిలీజ్‌కీ ఇదే టెన్షన్.

తప్పంతా అంతకు ముందే జరిగిపోయింది. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన జకార్తా ఈఈ 8 లో మావెన్ పేరు మాత్రం జకార్తాకి మారింది, జార్ (లైబ్రరీ ఫైల్) లోపలి ప్యాకేజీలు జావాఎక్స్‌గానే ఉన్నాయి. అంటే సర్వ్‌లెట్లు (వెబ్ రిక్వెస్టులకి జవాబిచ్చే జావా క్లాసులు) రాయడానికి వాడే జకార్తా.సర్వ్‌లెట్-ఏపీఐ అనే ఒకే పేరు కింద 4.0.4 తీసుకుంటే లోపల జావాఎక్స్.సర్వ్‌లెట్ ఉంటుంది, 5.0.0 తీసుకుంటే జకార్తా.సర్వ్‌లెట్. 'డిపెండెన్సీని జకార్తాకి మార్చండి' అని ఎవరైనా గైడ్‌లో రాస్తే అది రెండింటికీ నిజమే, వెర్షన్ నంబర్ చెప్పకపోతే ఎందుకూ పనికిరాదు. అప్పట్లో రాసిన చాలా గైడ్లు ఆ నంబర్ చెప్పలేదు.

దాని ఫలితం ఎలా ఉంటుందంటే, అమీర్‌పేట నోట్సు పక్కన పెట్టుకుని జావాఎక్స్ ఇంపోర్ట్‌తో సర్వ్‌లెట్ రాసిన కుర్రాడు, జకార్తా పేర్లే తెలిసిన టామ్‌క్యాట్ 10 సర్వర్ మీద డిప్లాయ్ చేస్తాడు. కంపైల్ అవుతుంది, సర్వర్ లేస్తుంది, బ్రౌజర్‌లో 404. లాగ్‌లో కారణం చెప్పే లైన్ ఒక్కటీ కనపడదు, ఎందుకంటే పాత పేరున్న వెబ్‌సర్వ్‌లెట్ యానొటేషన్‌ని టామ్‌క్యాట్ 10 అసలు పట్టించుకోదు. పాత అప్లికేషన్‌ని వెబ్‌యాప్స్-జావాఈఈ ఫోల్డర్‌లో పెడితే తనే మార్చుకుంటుందని టామ్‌క్యాట్ వాళ్లు రాసే ఉంచారు, కానీ సమస్య పేరే తెలియనివాడు ఆ పేజీకి ఎలా చేరతాడు? పైగా జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.క్రిప్టో లాంటివి జేడీకేలోవి, అంటే జావాతో పాటే వచ్చేవి, అవి మారకూడదు. డేటాబేస్ సెట్టింగులుండే పర్సిస్టెన్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో జావాఎక్స్‌తో మొదలయ్యే ప్రాపర్టీ పేర్లు మారాలి, అవి స్ట్రింగులు కాబట్టి కంపైలర్ కంటికి ఆనవు.

పద్ధతిగా చేసిన మార్పులూ ఉన్నాయి. 2022లో జావాని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కలిపే డ్రైవర్ పేరు మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-జావా నుంచి మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-జె అయినప్పుడు, 8.0.31 నుంచి పాత పేరు కింద 'ఇది ఫలానా చోటికి మారింది' అని చెప్పే పామ్ ఫైల్ పెట్టారు. పాత పేరు అడిగినా మావెన్ హెచ్చరిక చూపించి కొత్తది తెచ్చిచ్చేది. ఆ డ్రైవర్ ఒరాకిల్‌దే కావడం వేరే తమాషా. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 గైడ్ కూడా ముందు 2.7లో చివరి వెర్షన్‌కి రండి, ఆ తర్వాతే దాటండి అని వరుస చెప్పింది. పేరు మారిన సెట్టింగులను స్టార్టప్‌లో చూపించే మైగ్రేటర్ మాడ్యూల్ కూడా ఇచ్చింది, పని అయ్యాక తీసేయమని చెప్పి మరీ.

జాక్సన్ వాళ్ల వాదన ఏమిటంటే, పేరు మార్చడం వల్లే ఒకే అప్లికేషన్‌లో 2, 3 వెర్షన్లు పక్కపక్కన నడుస్తాయి. అది నిజమే. స్ప్రింగ్ బూట్ 4 కూడా జాక్సన్ 2 కోసం తాత్కాలికంగా ఒక మాడ్యూల్ ఉంచింది. కానీ కంపెనీల్లో ఇప్పుడు తిరుగుతున్న షీట్లు చాలావరకు పాత పేరు, కొత్త పేరు అన్న రెండు కాలమ్‌లే. జాక్సన్ 3లో ఎక్సెప్షన్లు అన్‌చెక్డ్ అయ్యాయి, అంటే వాటిని పట్టుకోమని కంపైలర్ అడగదు, అవి ఐఓఎక్సెప్షన్ కిందకీ రావు. అందుకే ఐఓఎక్సెప్షన్‌ని పట్టుకునే పాత క్యాచ్ బ్లాక్, ఫైల్ చదివే కోడ్ కూడా అందులో ఉంటే, శుభ్రంగా కంపైల్ అయి, చెడిపోయిన జేసన్ వచ్చిన రోజున మాత్రం దాన్ని పట్టుకోదు. తేదీలు కూడా ఇంతకు ముందు డిఫాల్ట్‌గా అంకెల్లో వెళ్లేవి, ఇప్పుడు స్ట్రింగుల్లో వెళ్తాయి. ఇవన్నీ జాక్సన్ సొంత గైడ్‌లో ఉన్నాయి. ఆ రెండు కాలమ్‌ల షీట్‌లో మాత్రం లేవు, ఆఫీసుల్లో ముందు తెరిచేది ఆ షీటే.